నడుమ లేని రాగి తీగ

మా ఇంట్లో భూమి అంటే ఎకరాలు. మా తాత ఆ మాట అన్నాడంటే చెరువు కింది మడుల గురించో, వాగు ఒడ్డు మెట్ట చెలకల గురించో అని పిల్లలకు కూడా తెలిసేది. నేను కరెంటు పని నేర్చుకోవడానికి చేరిన చోట భూమి అంటే ఎర్తు. ఇంటి పక్కన గొయ్యి తవ్వి, రాగి పలక పాతి, ఉప్పూ బొగ్గూ పోసి కప్పేసిన చోటు. ఎకరాలన్నీ పోయాక నా బతుకులో మిగిలిన భూమి ఈ రెండోదే. జాలి కోసం ఈ మాట రాయడం లేదు. మా వంశంలో జాలి అడిగినవాళ్ళు లేరు, అది నాతో మొదలుకాదు.

మాది నెక్కొండ అవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, మాది. ఇప్పుడు అందులో ఎవరో పత్తి బస్తాలు నింపుతున్నారు. మేము హనుమకొండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. డిగ్రీ అయిపోయాక నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరితే చుట్టాల్లో చాలామంది మా గడప తొక్కడం మానేశారు. దొరల ఇంటి ఆడపిల్ల నిచ్చెన ఎక్కి తీగలు గుంజడమేమిటని వాళ్ళ బాధ. బట్టల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ నవ్వుతూ చీర మడతలు విప్పి చూపించడం కంటే నిచ్చెన ఎక్కడమే నాకు మర్యాదగా తోచింది. కొన్నాళ్ళు ఆ కౌంటర్ వెనక నిలబడి చూశాను కనుకే అంటున్నాను.

కోర్సు అయ్యాక లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గర శిక్షణ పూర్తి చేయాలి. ఆయన సంతకం పెడితేనే సర్టిఫికెట్. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ తిరిగాను. ఆడపిల్లను చేర్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకాయన ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తమన్నాడు. చివరికి ఒప్పుకున్నది హనుమకొండలోనే ఒక్క మనిషి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నోట్లో వక్కపలుకుతో ఉండేవాడు. నా ఇంటిపేరు వినగానే ఆయనకు సంగతంతా అర్థమైపోయింది.

“సూడు దొరసానీ,” అన్నాడు మొదటిరోజే. “మా తాన ఆడోళ్ళు ఇప్పటిదాంక ఎవ్వరు చెయ్యలే. నువ్వు చేస్తనంటానవు, చెయ్యి. కని ఒక్క ఇంటాయన నీ వల్ల నాతోని లొల్లి పెట్టుకున్నడనుకో, సామాను ఆడనే పెట్టి ఇంటికి పో. మల్ల నాకు మొఖం సూపియ్యకు.”

“సరే ఉస్తాద్.”

“సరే అంటవు గని, నడుము వంగుతదా? చూస్తే ఇనుప రాడు మింగినట్టున్నవ్.”

“వంగుతుంది.”

“మీ తాతకు వంగిందా ఎన్నడన్న?”

ఆయన నవ్వి, టూల్స్ సంచి నా భుజానికి తగిలించాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు దొరసానిని. పిలుపులో వెక్కిరింత ఉందని తెలిసినా పలికేదాన్ని. ఆ ఒక్క షరతు మాత్రం మనసులో పెట్టుకున్నాను. ఒక్క గొడవ జరిగితే చాలు, ఈ పని పోతుంది. ఇది పోతే మళ్ళీ చీరల కౌంటరే.

ఆరేడు నెలలు సాఫీగానే గడిచాయి. గోడలు కొట్టాను, పైపుల్లో తీగలు గుంజాను, సింకుల కింద దూరాను. తిట్లు తిన్నాను. ఉస్తాద్ తిట్లకు ఒక పద్ధతి ఉండేది. తప్పు చేసినప్పుడు తిట్టేవాడు కాదు. చేయబోతున్నప్పుడు తిట్టేవాడు. స్క్రూ ఎక్కడ జారుతుందో, తీగ ఎక్కడ నలుగుతుందో నా చేతిని చూసి ముందే పసిగట్టి అరిచేవాడు. మా ఇంట్లో నన్ను ఎవరూ అట్లా తిట్టి ఎరగరు. మొదట్లో చెవులు కాలిపోయేవి. పోనుపోను ఆ అరుపు కోసమే చెయ్యి ఒక క్షణం ఆగేది.

అప్పుడే ఒక పప్పుల వ్యాపారి కొత్త ఇంటి పని వచ్చింది. ఊరి బయట కొత్త కాలనీలో రెండంతస్తుల ఇల్లు. ఆయన్ని పనివాళ్ళందరూ సేటు అనేవాళ్ళు. సేటుకు ప్లాస్టిక్ పైపుల మీద నమ్మకం లేదు. బోరు లోపలి నుంచి మేడ మీది ట్యాంకు దాకా, అక్కడి నుంచి స్నానాల గదుల దాకా అన్నీ ఇనుప పైపులే వేయించాడు. అందుకే ఆ ఇంట్లో బాండింగ్ చాలా ముఖ్యం.

బాండింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇంట్లో కరెంటు ఉండకూడని ఇనుము చాలా ఉంటుంది. ఎక్కడో ఒక తీగ తోలు చిట్లి ఆ ఇనుముకు తగిలిందంటే, తడి చేత్తో నల్లా తిప్పిన మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతుంది. అట్లా జరగకుండా పైపులన్నిటినీ మందపాటి ఆకుపచ్చ తీగతో ఎర్తుకు కట్టేస్తారు. కరెంటు మనిషిని వదిలి ఆ తీగ దారిన పోతుంది. ఆ ఇంట్లో ఈ తీగ ముందు పోర్టికోలో, మీటరు డబ్బా పక్కనున్న ఎర్తు పట్టీ దగ్గర మొదలై, ప్రహరీ గోడ వెంట సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో దూరి, వెనకవైపు బోరు పైపు దాకా పోతుంది. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉందా అని చూడడమే పరీక్ష.

ఉస్తాద్ ఆ పరీక్ష ముందురోజే చేశాడు. ఆయన పద్ధతి సులువు. పొడుగు తీగ తగిలించిన మీటరు తెచ్చి, ఒక కొస పైపుకు, ఒక కొస ఎర్తు పట్టీకి ఆనించడం. మీటరు కూత పెట్టిందంటే అయిపోయినట్టే. ఆ రోజు కూసింది. సేటుకు ఫోన్ చేసి, “అంత మంచిగున్నది, ఫికర్ చెయ్యకుండ్రి, ముహూర్తానికి ఇల్లు తయార్,” అని చెప్పాడు. గృహప్రవేశం ఇంక దగ్గర్లోనే ఉంది.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి, “నేను పైన ఫ్యాన్లు బిగిస్త. నువ్వు ఆ బాండింగు ఒకపాలి చూసి నేర్చుకో. నిన్న నేను చూసిన్నే. చెయ్యి తిరగాలె గదా,” అన్నాడు.

ఐటీఐలో మాకు వేరే రకంగా చెప్పారు. ముందు మెయిన్ ఆపాలి. తర్వాత ఆ తీగను ఎర్తు పట్టీ దగ్గర నట్టు విప్పి బయటికి తీయాలి. ఒక కొస విడిగా ఉన్నప్పుడు చూస్తేనే ఆ తీగ సంగతి తెలుస్తుంది. కట్టి ఉండగా చూస్తే కరెంటు ఇంకో దారి వెతుక్కుని తిరిగి వస్తుంది, మీటరు దాన్నీ చూసి కూస్తుంది. ఉస్తాద్‌ను తప్పు పట్టాలని కాదు, నాకు నేర్పిన పద్ధతి అది కనుక అట్లాగే చేద్దామనుకున్నాను.

“మెయిన్ బంద్ చేస్తున్న ఉస్తాద్,” అని కేక వేశాను.

“జల్ది కానియ్. డ్రిల్లు నడవాలె నాకు,” అని పైనుంచి వినబడింది.

పోర్టికోలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని సేటు తల్లి కూర్చుని ఉంది. రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చి, పనివాళ్ళ మీద కన్నేసి, సాయంత్రం వెళ్ళేది. పెద్ద ముఖం, పెద్ద బొట్టు. నేను మోకాళ్ళ మీద కూర్చుని నట్టు విప్పుతుంటే వంగి చూసింది.

“ఏం పిల్లా, గా డబ్బాల ఏం చూస్తానవ్?”

“తీగ చూస్తున్న పెద్దమ్మా.”

“నిన్ను ఆయన దొరసాని దొరసాని అంటాండు. నీ పేరే అదా?”

“కాదు. మావాళ్ళు దొరలు.”

“ఏ ఊరు?”

ఊరి పేరు చెప్పాను. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“మీ గడికి మా మామ బెల్లం పంపుతుండె,” అంది. “ఇప్పుడు గడిల ఎవరున్నరు?”

“పత్తి.”

“పత్తోళ్ళా?”

“పత్తి బస్తాలు పెద్దమ్మా.”

“అయ్యో,” అంది. ఆ అయ్యోలో జాలి ఉందో, లెక్క సరిపోయిందన్న తృప్తి ఉందో తేల్చుకోలేకపోయాను. తల తిప్పేసి పని చూసుకున్నాను.

విప్పిన తీగ కొసకు ఒక క్లిప్పు పెట్టాను. పొడుగు తీగ చుట్టను విప్పుకుంటూ ఇంటి వెనక్కి నడిచి, బోరు పైపుకు రెండో క్లిప్పు తగిలించి, తిరిగి వచ్చి మీటరు చూశాను. కూయలేదు. అంకె లేదు. రెండు క్లిప్పులూ ఒకదానికొకటి ఆనించి చూశాను. కూసింది. అంటే మీటరు బాగానే ఉంది. వెనక్కి పోయి పైపు మీద రంగు గీకి, క్లిప్పు బిగించి వచ్చాను. కూయలేదు. బోరు దగ్గర తీగను పైపుకు పట్టి ఉంచిన బిగింపు చూశాను. రాగి మెరుస్తూ గట్టిగా ఉంది. ఇటు కొస నా చేతిలో ఉంది. రెండు చివరలూ ఉన్నాయి.

ఏమీ తోచక నట్టు మళ్ళీ బిగించి, ఉస్తాద్ చూసినట్టు చూశాను. మీటరు వెంటనే కూసింది.

విప్పాను. మౌనం. బిగించాను. కూత. నిన్న ఒక మనిషి ఈ కూతను నమ్మి ఒక ఇంటికి మాట ఇచ్చేశాడు. నేను కూడా కట్టి ఉండగానే చూసి ఉంటే ఇవాళ్టికి ఇంకో మాట ఇచ్చేవాళ్ళం.

ఆలోచిస్తే దారి దొరికింది. బోరు లోపల మోటరు ఉంది. దాని కేబుల్లో సన్నటి ఎర్తు తీగ ఒకటి ఉంటుంది, అదీ వేరే దారిన ఇదే ఎర్తు పట్టీకి చేరుతుంది. మీటరు ఆ దారిన చుట్టు తిరిగి వచ్చి కూస్తోంది. మరి మేము వేసిన మందపాటి తీగ ఎక్కడ?

ప్రహరీ వెంట గొట్టాన్ని చూసుకుంటూ నడిచాను. పోర్టికో మూలకు వచ్చేసరికి గుర్తొచ్చింది. అక్కడ ఉస్తాద్ తీగను రెండు మూడు చుట్లు చుట్టి వదిలాడు. రేపు ఎర్తు పట్టీ జరపాల్సి వస్తే పొడుగు సరిపోవాలని ఆయన ప్రతి ఇంట్లోనూ అట్లా వదిలేవాడు. ఆ చుట్ట లేదు. గొట్టం మూతి రెండు వైపులా ఖాళీగా ఉంది. వేలు పెట్టి తడిమితే లోపల తీగ కొస తగిలింది. ఎవరో కోసి, మిగిలిన కొసలను పొందిగ్గా లోపలికి తోసేశారు.

కింద పూలకుండీలో మట్టి మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ తోలు ముక్కలు పడి ఉన్నాయి. గోరింటాకు రెమ్మలు ఒలిచినట్టు ఎవరో ఓపిగ్గా ఒలిచారు. వాటిని చేతిలోకి తీసుకుని తలెత్తాను.

నా తల మీదుగా, పోర్టికో కొక్కేనికి, పసుపూ కుంకుమా పూసిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దాన్ని దిష్టికి పోయిన అమావాస్య నాడు కట్టారు. రోజూ దాని కిందనుంచే లోపలికి పోతున్నాను. కాయ చుట్టూ జాలీలాగా అల్లి, పైన మెలి తిప్పి కొక్కేనికి తగిలించింది మా రాగి తీగ. ఏడు పోగులూ తళతళలాడుతున్నాయి. ఉస్తాద్ పరీక్ష చేసిన నాటికే అది అక్కడ వేలాడుతోంది.

దొంగలు రాగి కోసుకుపోతారని విన్నాను. ఎలుకలు కొరుకుతాయని విన్నాను. ఇంటిని కాపాడాల్సిన తీగను ఇంటిని కాపాడడానికే కోసి పైన వేలాడదీస్తారని ఏ పుస్తకంలోనూ లేదు.

“మంచిగున్నదా?” అంది పెద్దమ్మ నా చూపు చూసి. “నేనే కట్టిపిచ్చిన.”

“ఈ తీగ ఎక్కడిది పెద్దమ్మా?”

“గా మూలకు పారేసిరి గదా మీరు, చుట్ట. రంగులేసేటాయనతోని కోయించిన. పాతింట్ల తాడుతోని కడితె ఎలుకలు కొరికి, మా కోడలు ముంగట్నే కాయ కింద పడి పగిలింది. నా పానం జల్లుమన్నది. ఇనుప తీగ కడ్తె తుప్పు వడ్తది. రాగికి తుప్పు లేదు. నూరేండ్లుంటది.”

“అది పారేసింది కాదు. బాత్‌రూమ్ నల్లాలకు అదే కాపలా.”

“ఇంటికి ఇది కాపలా,” అంది గుమ్మడికాయ వైపు గడ్డం ఎత్తి. ఆ తర్వాత నా ముఖం చూసి కొంచెం తగ్గింది. “ఏందే, గంత తెల్లబడ్డవ్? ఏమన్న అయితదా?”

మెట్లెక్కి పైకి పోయాను. ఉస్తాద్ స్టూలు మీద నిలబడి ఫ్యాను రాడ్డు బిగిస్తున్నాడు. చెప్పాను. నమ్మలేదు.

“నిన్న కూసింది గదా.”

“మోటరు ఎర్తు నుంచి కూస్తోంది ఉస్తాద్. నట్టు విప్పితే లేదు.”

ఆయన స్టూలు దిగాడు. వక్కపలుకు నమలడం ఆగింది. కిటికీలోంచి కిందికి వంగి, గుమ్మడికాయను చూసి వచ్చాడు.

“సరే. ఇంకో దారి ఉన్నది గదా, మోటరుది. నడుస్తది.”

“ఎండాకాలం మోటరు కాలితే పైకి గుంజుతారు. అది బాగై వచ్చేదాకా ఆ పైపులకు ఎర్తే ఉండదు. గీజర్లు అప్పటికి పెట్టేసి ఉంటారు.”

“నాకు చెప్తానవా?”

“లేదు ఉస్తాద్. మీరు చెప్పిందే, మోటార్లు కాలే సంగతి.”

“జర నోరు మూసుకో. గృహప్రవేశం కానియ్. రెండ్రోజులైనంక మెల్లగ వచ్చి నేనే కొత్త తీగ గుంజుత. ఇప్పుడు చెప్తే ఆ సేటు కాలనీ మొత్తం వినేటట్టు ఒర్రుతడు. నా పేరు పోతది. నీకు నా షరతు యాదికున్నదా?”

యాదికి ఉంది. అది ఒక్కటే యాదికి ఉంది. గొడవ జరిగితే నేను పోవాలి.

మేము కిందికి దిగేసరికి సేటు కారు దిగుతున్నాడు. తల్లి ముఖంలో ఏదో కనబడి ఆగాడు. పోర్టికోలో మీటరు, విప్పిన తీగ, నట్టు అట్లాగే ఉన్నాయి. రంగులేసేవాళ్ళూ వడ్రంగులూ అక్కడే టీ తాగుతున్నారు.

“ఏమైంది మేస్త్రీ? అంత మంచిగనే ఉన్నదా?”

“మంచిగున్నది సేటూ,” అన్నాడు ఉస్తాద్.

సేటు నా వైపు చూశాడు. ఊరికే చూశాడు, ఏదీ అడగలేదు. మా ఇంట్లో అబద్ధం ఆడరని నేను అనను. చాలా ఆడారు, పెద్ద పెద్దవే ఆడారు, కొన్ని కోర్టుల్లో ఆడారు. కానీ ఆ క్షణంలో నా గుప్పిట్లో ఆకుపచ్చ తోలు ముక్కలు ఉన్నాయి.

“లేదు,” అన్నాను.

ఒక్క మాటే అన్నాను. ఇంతకాలం కాపాడుకున్న పని ఒక్క మాటతో పోయింది. ఇక ఆపడంలో అర్థం లేదు కనుక మిగతాది కూడా చెప్పాను. తీగ ఎక్కడ తెగిందో, ఎక్కడ వేలాడుతోందో, తెగితే ఏమవుతుందో.

సేటు ముఖం ఎర్రబడకముందే ఉస్తాద్ ముందుకొచ్చాడు. “నేనే చెప్పిన సేటూ, విప్పి చూడుమని. నాకు నిన్ననే డౌటొచ్చింది.”

అంత సులువుగా ఆ మాట జారిపోతుందని నేను అనుకోలేదు. ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

“నువ్వేడ చెప్పినవయ్యా?” అంది పెద్దమ్మ కుర్చీలోంచి. “నిన్న అంత మంచిగున్నదని ఫోన్ల నువ్వే అన్నవు. నేనిక్కడ్నే కూసున్న. ఈ పిల్లనే ఇప్పింది, ఈ పిల్లనే లెంకి పట్టుకున్నది.”

టీ తాగుతున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో సేటుకు కోపం వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తలేదు, బూతు మాట అనలేదు. అంతకంటే చెడ్డగా మాట్లాడాడు.

“ఇట్ల రా. ఇక్కడ నిలబడు. ఇంత వయసొచ్చింది, నిన్న మొన్న వచ్చిన పిల్లకు తెలిసింది నీకు తెల్వది. పైంగ అబద్ధం. ఇన్ని రోజులు నువ్వు పెట్టిన బోర్డులన్ని ఎట్లున్నయో ఇగ నాకేం నమ్మకం? నీ సామాను తీసుకపో.” తర్వాత నా వైపు తిరిగాడు. “నువ్వుండు బిడ్డా. మిగిలిన పని నువ్వు చెయ్యి. నాకు పెద్ద కాంట్రాక్టర్లు ఎరుకే. నీ సర్టిఫికెట్ నేను ఇప్పిస్త.”

ఉస్తాద్ నిజంగానే ఆయన చూపించిన చోట నిలబడ్డాడు. చేతులు ముందుకు కట్టుకుని, పొట్టి మనిషి ఇంకా పొట్టిగా.

మా నాన్న ఒకసారి అట్లా నిలబడ్డాడు. గడి చేతులు మారిన రోజు, కొన్నవాళ్ళు వచ్చి సామాను చూస్తుంటే అలవాటుగా వసారాలో తన కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళలో ఒక కుర్రవాడు, “లెవ్వండి, కుర్చీ కూడ లెక్కల ఉన్నది,” అన్నాడు. మా నాన్న లేచాడు. లేచి, ఎక్కడికి పోవాలో తెలియక కుర్చీ పక్కనే నిలబడ్డాడు. ఊరంతా చూసింది. ఆ ఊళ్ళో మా వాళ్ళు ఎంతమందిని అట్లా నిలబెట్టారో నాకు తెలుసు, అందుకు నాకు లోకం మీద ఫిర్యాదు లేదు. కానీ ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి చిన్నచేస్తుంటే, పక్కన నిలబడి నా సర్టిఫికెట్ తీసుకోవడం నా వల్ల కాలేదు.

“ఆయన వేసిన తీగ మంచిగనే ఉండె సేటూ,” అన్నాను. “కోసింది మీ ఇంటివాళ్ళు. కోసిన నాడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఆ రోజే ఇంకొకటి గుంజేవాడు. ఆయన మా ఉస్తాద్. ఆయన్ని పంపితే నేను కూడా పోతాను.”

“నీకు మంచి చేస్తనంటాన గదా బిడ్డా.”

“తెలుసు.”

వీపు నిటారుగా ఉందని నాకే తెలుస్తోంది. సేటు తల్లి వైపు చూశాడు. ఆమె గుమ్మడికాయ వైపు చూసింది.

“కోయించింది నేనేరా,” అంది చివరికి. “వాళ్ళను కొత్త తీగ తెచ్చుకోనియ్యి. ముహూర్తం మీదికొచ్చినంక ఇంకొకన్ని ఏడికెల్లి తెస్తవ్? కని నా కాయను ముట్టుకున్నరంటే ఊకోను, చెప్తాన.”

సేటు గొణుక్కుంటూ లోపలికి పోయాడు. ఉస్తాద్ బజారుకు పోయి కొత్త తీగ చుట్ట తెచ్చాడు. ఇట్లాంటి తీగకు నడుమ అతుకు పెట్టకూడదు కనుక పాత ముక్కలు రెండూ గొట్టంలోంచి లాగేసి, ఎర్తు పట్టీ నుంచి బోరు దాకా ఒకే తీగ గుంజాం. నేను ఇటు తోశాను, ఆయన అటు లాగాడు. మధ్యాహ్నమంతా మా మధ్య “లాగు”, “ఆగు” తప్ప మాట లేదు. తీగ ఒకచోట గొట్టం అంచుకు ఒరుసుకుంది. ఆయన చూశాడు. అరుస్తాడని నా చెయ్యి ఆగింది. అరవలేదు. మెల్లగా వచ్చి, తానే సరిచేసి పోయాడు.

నట్టు బిగించకముందే మీటరు పెట్టి చూశాను. కూసింది. అంకె సున్నాకు ఆనుకుని ఉంది. ఆయనకు చూపించాను. తల ఊపాడు.

పని ముగిసి బయటికి వచ్చాక స్కూటర్ దగ్గర ఆగి, “రేపటికెల్లి రాకు,” అన్నాడు.

సరిగా వినబడలేదేమో అనుకున్నాను. “ఏమన్నారు ఉస్తాద్?”

“రేపటికెల్లి నా తాన పనికి రాకు.”

“షరతు ప్రకారమేనా? గొడవైందనా?”

“షరతు గాదు.” ఆయన వక్కపలుకు ఉమ్మేసి, స్కూటర్ సీటు మీద చేత్తో దుమ్ము దులిపాడు. అక్కడ దుమ్ము లేదు. “నలుగుర్ల నా ఇజ్జత్ కాపాడినవు. నేను నీ పనిని నాదని చెప్పుకున్నంక గూడ. ఇగ నిన్ను తిట్టబుద్ధి గాదు నాకు. ఇయ్యాల పగటికెల్లి చూస్తాన, నోరు లేస్తలేదు. నాకు తిట్టకుంట నేర్పరాదు. నా తాన ఉంటే నీకు పని రాదు.”

“తిట్టండి ఉస్తాద్. నేను పడతాను.”

“నువ్వు పడ్తవు. నాకు రాదు.”

కాజీపేటలో తన దోస్తు ఒకాయనకు ఫోన్ చేశాడు. ఆయన ఒకప్పుడు నన్ను గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషి. ఉస్తాద్ చాలాసేపు మాట్లాడాడు. ఆడపిల్ల అని అటు నుంచి ఏదో అన్నట్టున్నాడు. “అవు, ఆడపిల్లనే. అయితే ఏంది? నా తాన చేసినన్ని నెలలకు నేను సంతకం చేస్త, మిగిలిన నెలలకు నువ్వు చెయ్యి. తీగ ఇప్పి చూస్తది. నువ్వు చూడకపోయినా ఇప్పి చూస్తది. జర గట్టిగ తిట్టు, ఊకె మర్యాద చెయ్యకు, పాడైతది,” అన్నాడు. ఫోన్ పెట్టేసి, “పొద్దున పో,” అన్నాడు.

నేను చీరల కౌంటర్‌కు పోవాల్సి వస్తుందని భయపడ్డాను, గొడవకు సిద్ధపడ్డాను. నా తప్పు ఏదీ లేకుండా, నన్ను మెచ్చి, ఒక మనిషి నన్ను పనిలోంచి తీసేస్తాడని అనుకోలేదు. మా వంశంలో మాటలు తడుముకునే అలవాటు లేదు. నేను తడుముకున్నాను.

రోడ్డు అవతల ఆటో ఆగింది. టూల్స్ సంచి ఎత్తుకోబోతే ఆయన నా చేతిలోంచి లాక్కుని, భుజాన వేసుకుని, రోడ్డు దాటి, నేను ఎక్కాక తానే ఆటోలో నా పక్కన పెట్టాడు.